జిమ్ థోర్ప్ ఊరు చూసొచ్చారు సరే, 1912 సీజన్ అసలు కథ ఇదీ

మీ ప్రశ్న ఇది. ఆకులు రంగులు మారే రోజుల్లో పెన్సిల్వేనియాలోని జిమ్ థోర్ప్ ఊరికి ఫ్యామిలీతో వెళ్లారు, కొండల్లో రైలెక్కారు, ఊరి పక్కన, ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ ఆటగాడు జిమ్ థోర్ప్ సమాధి దగ్గర ఫోటో దిగారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఎవరో చెప్పారు: 1912లో ఈయన కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ అమెరికా సైన్యం టీమ్‌ని చిత్తుగా ఓడించిందనీ, ఆ మ్యాచ్‌లో, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన ఐసెన్‌హోవర్ మోకాలు పాడై ఆటకి దూరమయ్యాడనీ. ఇందులో ఎంత నిజం, అది ఏ కాలేజీ, ఆ ఊరికీ ఈయనకీ ఏం సంబంధం అని అడిగారు.

ముందు పొట్టి జవాబులు. ఓడించిన మాట నిజం, 27–6. మోకాలి సంగతి తప్పు. అది కాలేజీ కాదు. ఊరికీ ఆయనకీ బతికుండగా ఏ సంబంధమూ లేదు.

ఇక పొడుగు జవాబు. నేను మెకానిక్స్‌బర్గ్‌లో ఇరవై ఏళ్లకి పైగా ఉంటున్నాను. థోర్ప్ చదివిన స్కూల్ ఉన్న కార్లైల్ ఊరు ఇక్కడికి ఇరవై నిమిషాల దూరం. మా అబ్బాయి హైస్కూల్ టీమ్‌లో ఆడిన నాలుగేళ్లూ మైదానం అంచున పది గజాలు కొలిచే గొలుసు పట్టుకుని పరిగెత్తే తల్లిదండ్రుల్లో నేనూ ఒకణ్ణి. అలా మొదలైన పిచ్చి పాత సీజన్ల స్కోర్లు తిరగేసే దాకా వచ్చింది. మా ఇంట్లో వాళ్లు ఈ టాపిక్ ఎత్తితే లేచి వెళ్లిపోతారు. మీరు అడిగారు కాబట్టి భరించాలి.

కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పాత సైనిక బ్యారక్స్‌లో దీన్ని పెట్టాడు. దేశం నలుమూలల నుంచి నేటివ్ అమెరికన్ పిల్లల్ని తీసుకొచ్చి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, 'నాగరికుల్ని' చేసే ప్రభుత్వ బోర్డింగ్ స్కూల్. సగం రోజు చదువు, సగం రోజు వడ్రంగమో, టైలరింగో, బేకరీ పనో. చదువు స్థాయి చూస్తే హైస్కూల్ దాటదు. వయసులు మాత్రం కలగాపులగం: పదేళ్ల పిల్లలూ ఉండేవారు, పాతికేళ్ల యువకులూ ఉండేవారు. అందుకే హార్వర్డ్, పెన్ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ) లాంటి వాటితో తలపడే టీమ్‌ని నిలబెట్టగలిగారు. ఆ రోజుల్లో ఎవరు ఆడొచ్చు, ఎవరు ఆడకూడదు అన్న రూల్స్ ఇప్పటంత గట్టిగా ఉండేవి కావు.

ప్రాట్‌కి మొదట ఈ ఆట ఇష్టం లేదు. ఒక పిల్లాడికి కాలు విరిగిందని ఆపేశాడు కూడా. కుర్రాళ్లు వచ్చి బతిమాలితే రెండు షరతులు పెట్టాడట. ఒకటి, అవతలివాడు ఏం చేసినా మీరు మాత్రం ముష్టిఘాతాలకి దిగకూడదు. రెండు, కొన్నేళ్లలో దేశంలోకెల్లా పెద్ద టీమ్‌ని ఓడించాలి. మొదటి షరతు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే ఫుట్‌బాల్ కాదని మీకు తెలుసు. నన్నడిగితే ఇది సాకర్ కంటే మన కబడ్డీకే దగ్గర. బంతి పట్టుకున్నవాడు కూతకెళ్లినవాడు అనుకోండి, పదకొండు మంది మీద పడి నేలకి తొక్కుతారు. వాడు పడేలోపు ఎన్ని గజాలు ముందుకొచ్చాడన్నదే లెక్క. 1900 తర్వాత ఈ తొక్కుడు మరీ ఎక్కువైంది. చేతులు పట్టుకుని గుంపుగా తోసుకుపోవడమే ఆట. ఒక్క 1905లోనే పద్దెనిమిది, పందొమ్మిది మంది చనిపోయారని లెక్క. ప్రెసిడెంట్ థియోడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్లని వైట్‌హౌస్‌కి పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. 1906లో బంతిని ముందుకి విసరడం, అంటే పాస్, చట్టబద్ధం చేశారు. 1910లో తోసుకుపోవడాన్ని నిషేధించి, ఆట మొదలయ్యే గీత మీద ఏడుగురు నిలబడాలన్నారు.

1912లో ఇంకో విడత మార్పులు వచ్చాయి. మీరు అడిగిన సీజన్ అర్థం కావాలంటే థోర్ప్ కంటే ముందు ఇవి తెలియాలి. అప్పటిదాకా బంతి అవతలి టీమ్‌కి ఇచ్చేయకుండా పది గజాలు దాటడానికి మూడు అవకాశాలుండేవి, వాటిని నాలుగు చేశారు. టచ్‌డౌన్‌కి (బంతిని అవతలి చివరి గీత దాటించడానికి) 5 పాయింట్లు ఉండేది, 6 చేశారు. 110 గజాల మైదానాన్ని 100కి తగ్గించి, రెండు చివర్లా పదేసి గజాల ఎండ్ జోన్ పెట్టి, అందులో పాస్ పట్టుకున్నా టచ్‌డౌనే అన్నారు. పాస్ ఇరవై గజాలు మించకూడదన్న పరిమితి ఎత్తేశారు. మీరు ఇప్పుడు టీవీలో చూసే ఆట దాదాపు ఆ ఏడాదే తయారైంది. మిగతా కాలేజీలు చాలావరకు పాత అలవాట్లతోనే ఆ సీజన్‌లోకి దిగాయి. కార్లైల్ అలా దిగలేదు.

కారణం కోచ్. గ్లెన్ వార్నర్, అందరూ 'పాప్' అనేవారు. ఆటగాళ్లు అవతలి టీమ్‌ల కంటే తేలికగా ఉండేవాళ్లు, ఎదురెదురుగా తోసుకుంటే నలిగిపోతారు. కాబట్టి తోపులాట లేకుండా ఎలా గెలవాలన్నదే ఏళ్ల తరబడి వార్నర్ పని. 1903లో హార్వర్డ్ మీద బంతిని ఒక ఆటగాడి జెర్సీ వెనక దాచేసి పరిగెత్తించిన ఘనుడు. (ఆ మ్యాచ్ 12–11తో ఓడిపోయారు లెండి.) 1907 నాటికే పాస్‌ని అందరికంటే ముందు సీరియస్‌గా తీసుకున్న టీమ్ ఇదే. కొత్త రూల్స్ తన దగ్గరున్న తేలికైన, వేగమైన కుర్రాళ్లకి వరం అని ఆయనకి వెంటనే అర్థమైంది.

ఇక జిమ్ థోర్ప్. శాక్ అండ్ ఫాక్స్ తెగవాడు, ఓక్లహోమా ప్రాంతంలో పుట్టాడు. 1904లో కార్లైల్‌కి వచ్చాడు, 1909లో వెళ్లిపోయాడు, 1911లో మళ్లీ వచ్చాడు. ఆ ఏడాది హార్వర్డ్‌ని 18–15తో ఓడించినప్పుడు నాలుగు ఫీల్డ్ గోల్స్ (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నడం) ఈయనవే. 1912 జూలైలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ గోల్డ్. అదే స్కూల్ నుంచి వెళ్లిన హోపి తెగ కుర్రాడు లూయిస్ టెవానిమాకి 10,000 మీటర్ల పరుగులో సిల్వర్. ఆగస్టులో కార్లైల్ ఊరంతా ఊరేగింపు తీసింది. సెప్టెంబర్ వచ్చేసరికి థోర్ప్ మళ్లీ మైదానంలో, ఈసారి టీమ్ కెప్టెన్‌గా.

సీజన్ మొదటి నాలుగు మ్యాచ్‌లు వార్మప్ అనుకోవచ్చు. ఆల్‌బ్రైట్ 50–7, లెబనాన్ వ్యాలీ 45–0, డికిన్‌సన్ 34–0, విల్లనోవా 65–0. తర్వాత వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ అనే చిన్న కాలేజీతో 0–0. థోర్ప్ ఫీల్డ్ గోల్స్ తప్పాడు. ఈ టై గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, ఆ సీజన్‌లో 'పాయింటే రాలేదు' అన్న ఒకే ఒక్క మ్యాచ్ అది. ఆ తర్వాత సిరక్యూస్ 33–0. అంతకు ముందు ఏడాది వీళ్ల మొత్తం సీజన్‌లో ఒకే ఒక ఓటమి, అదీ ఒక్క పాయింట్‌తో, ఇదే సిరక్యూస్ చేతిలో. కాబట్టి ఆ 33 ఊరికే కొట్టలేదు. పిట్స్‌బర్గ్ 45–8.

ఇక్కడ కాస్త ఆగి క్యాలెండర్ చూడండి. అక్టోబర్ 26 శనివారం వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్‌తో మ్యాచ్, 34–20. అక్టోబర్ 28 సోమవారం కెనడాలోని టొరంటోలో ఇంకో మ్యాచ్, అక్కడి రగ్బీ తరహా రూల్స్ కలిపి, 49 పాయింట్లు కొట్టి గెలిచారు. శనివారం సాయంత్రం ఒళ్లు హూనమై రైలెక్కి, ఆదివారమంతా రైల్లో, సోమవారం వేరే దేశంలో వేరే రూల్స్‌తో ఆట. మళ్లీ ఆ శనివారం లీహైతో, 34–14. ఇప్పటి కోచ్‌కి ఈ షెడ్యూల్ చూపిస్తే ఉద్యోగం మానేసి పోతాడు.

ఎందుకంత తిరగడం అంటే, గేటు డబ్బు. కార్లైల్‌లో పెద్ద స్టేడియం లేదు, అంత జనమూ లేరు. పెద్ద నగరాల్లో ఆడితేనే టికెట్ల వాటా వస్తుంది. ఆ డబ్బు వెళ్లే అథ్లెటిక్ ఫండ్ వార్నర్ చేతిలో ఉండేది. ఆటగాళ్లకి వేరే బస, వేరే భోజనం. మిగతా పిల్లలకి అది లేదు. అందుకే 1912 ఓ బీద స్కూల్ అద్భుతం అంటే నేను ఒప్పుకోను. స్కూల్ బీదది, టీమ్ కాదు. అలాగని ఆ డబ్బు ఆటగాళ్ల జీవితాలేమీ మార్చేయలేదు.

నవంబర్ 9, వెస్ట్ పాయింట్. సైనికాధికారుల్ని తయారుచేసే అకాడమీ టీమ్ ఒకవైపు. ఆ సైన్యంతోనే ఒకప్పుడు యుద్ధాలు చేసిన తెగల పిల్లలు మరోవైపు. అమెరికా సైన్యం లకోటా తెగవాళ్లని చంపిన వూండెడ్ నీ ఊచకోతకి అప్పటికి ఇరవై రెండేళ్లే. మ్యాచ్‌కి ముందు వార్నర్ ఆ పాత పగలన్నీ గుర్తుచేసి రెచ్చగొట్టాడని చెబుతారు. చెప్పే ఉంటాడు, అలాంటివి వదిలే మనిషి కాదు. ప్రతి డాక్యుమెంటరీ ఇక్కడే సంగీతం పెంచుతుంది. నేను మాత్రం ఆ స్పీచ్ కంటే వార్నర్ ఆ రోజు బయటికి తీసిన ఫార్మేషన్ (ఆటగాళ్లు నిలబడే అమరిక) గురించే చెబుతాను.

దాన్ని డబుల్ వింగ్ అంటారు. మామూలుగా బంతితో పరిగెత్తే హాఫ్‌బ్యాక్‌లు ఇద్దరూ వెనక, మధ్యలో నిలబడేవాళ్లు. అంటే బంతి మధ్యలోంచే వస్తుందని అవతలివాడికి ముందే తెలుసు, అందరూ అక్కడే గుమిగూడతారు. వార్నర్ ఆ ఇద్దర్నీ గీత చివర్లకి, ఎడమ ఒకణ్ణి, కుడి ఒకణ్ణి జరిపాడు. ఇప్పుడు బంతి వచ్చేసరికి ఒకడు ముందుకి దూసుకెళ్లి పాస్ అందుకోవచ్చు, లేదా లోపలికి తిరిగి పరిగెత్తుతూ బంతి అందుకోవచ్చు, లేదా అందుకున్నట్టు నటించి ఖాళీ చేతుల్తో పోవచ్చు. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్ష్ వేగంగా ఆలోచించే మనిషి, తర్వాత లా చదివినవాడు. బంతి ఎవరి దగ్గరుందో ఆర్మీ వాళ్లకి తేలేలోపే అది పదిహేను గజాలు దాటిపోయేది. అప్పటి బంతి ఇప్పటికంటే లావుగా, గుండ్రంగా ఉండేది, పొట్టకి నొక్కి పట్టుకుంటే దాచడం తేలిక. తోలు టోపీ ఇష్టముంటే పెట్టుకోవచ్చు, లేకపోతే లేదు. ముఖానికి అడ్డు ఏమీ లేదు.

మొదటి టచ్‌డౌన్ ఆర్మీదే, టచ్‌డౌన్ తర్వాత ఒక పాయింట్ కోసం తన్నే అదనపు కిక్ తప్పింది, 6–0. సగం ఆటకి కార్లైల్ 7–6. అప్పటికే కార్లైల్ ఫుల్‌బ్యాక్ పావెల్ చెయ్యి చేసుకుని బయటికి వెళ్లాడు. ప్రాట్ పెట్టిన మొదటి షరతు ఆ రోజు అక్కడ తప్పింది. రెండో సగం మొదలవగానే ఆర్మీ కెప్టెన్ డెవోర్, తనని ఫస్ట్ హాఫ్ అంతా ఆడుకున్న కార్లైల్ ఆటగాడు జో గుయాన్ మీద దాడి చేసి తనూ బయటికి పోయాడు. కెప్టెనే పోయాక ఆర్మీ తేరుకోలేదు. ఆఖరి స్కోరు 27–6.

ఇప్పుడు మీకు చెప్పిన కథలోకి వద్దాం. ఐసెన్‌హోవర్ ఆ రోజు ఆడాడు, థోర్ప్‌ని ఆపే పని అతనిదీ ఇంకో కుర్రాడిదీ. ఇద్దరూ కలిసి ఒకసారి గట్టిగా గుద్దారు, ఇక లేవడనుకున్నారు, లేచాడు. మరోసారి ఇద్దరూ రెండువైపుల నుంచీ వస్తుంటే థోర్ప్ టక్కున ఆగాడు, వీళ్లు ఒకరినొకరు గుద్దుకున్నారు. ఇద్దర్నీ కోచ్ బయటికి పిలిచాడు. అంతవరకే. ఐసెన్‌హోవర్ మోకాలు దెబ్బతిన్నది తర్వాతి శనివారం, టఫ్ట్స్ కాలేజీతో ఆడుతూ. ఆ తర్వాత గుర్రం మీద విన్యాసాలు చేస్తుంటే అది పూర్తిగా పోయింది. థోర్ప్‌కి దాంతో ఏ సంబంధమూ లేదు.

ఇంకొకటి కూడా వినే ఉంటారు: థోర్ప్ 92 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేస్తే పెనాల్టీ అని రద్దు చేశారట, వెంటనే తర్వాతి ఆటలో 97 గజాలు పరిగెత్తి మళ్లీ చేశాడట. పెనాల్టీతో రద్దయిన పొడవాటి పరుగు ఒకటుంది. రెండోది నేను నమ్మను. కార్లైల్ ఆ రోజు చేసిన టచ్‌డౌన్‌లు నాలుగు. అందులో మూడు అలెక్స్ ఆర్కాసావి, ఒకటి బెర్గీది. నాలుగు ఆరులు ఇరవై నాలుగు, మీద మూడు కిక్‌లు థోర్ప్‌వి, మొత్తం ఇరవై ఏడు. 97 గజాలకి ఆ లెక్కలో చోటెక్కడ? థోర్ప్ బాగా ఆడలేదని కాదు నేను చెప్పేది. ఆర్మీ డిఫెన్స్‌లో సగం మంది ఆయన వెంట పడి పరిగెత్తుతుంటే అవతలి వైపు ఆర్కాసాకి దారి ఖాళీ. ఒక మనిషి బంతి ముట్టకుండానే మ్యాచ్ మలుపు తిప్పడం ఎలాగో చూడాలంటే ఈ మ్యాచ్ చూడాలి. ఆర్కాసా పేరు మీద ఊరు కాదు కదా, వీధి కూడా ఉన్నట్టు నేనెక్కడా చూడలేదు.

సరిగ్గా వారానికి, నవంబర్ 16న, ఫిలడెల్ఫియాలో పెన్ చేతిలో 34–26తో ఓడిపోయారు. ఐసెన్‌హోవర్ మోకాలు పోయిన శనివారమే ఇదీ. ఆ ఏడాది పెన్ గొప్ప టీమేమీ కాదు, అంతకు ముందు కొన్ని ఓటములు మూటగట్టుకుంది కూడా. ఆర్మీని కొట్టాక వీళ్లు కాస్త తేలిగ్గా తీసుకున్నారంటారు. కావచ్చు. కానీ నాకు ఇంకోటి కనిపిస్తుంది. కొత్త రూల్స్ కార్లైల్ అటాక్‌కి ఎంత మేలు చేశాయో, డిఫెన్స్‌కి అంత చిక్కు తెచ్చాయి. జార్జ్‌టౌన్ 20, పెన్ 34, తర్వాతి వారం స్ప్రింగ్‌ఫీల్డ్ 24 పాయింట్లు చేశాయి. పాస్ ఎలా వేయాలో నేర్చుకున్నవాళ్లకి దాన్ని ఎలా ఆపాలో ఇంకా అంతు చిక్కలేదు. కారులో ఆ కథ చెప్పినాయనతో ఈసారి వాదన పెట్టుకుంటే పెన్ మ్యాచ్ గురించి అడగండి, ఆయనకి తెలియదని నా పందెం.

స్ప్రింగ్‌ఫీల్డ్ మీద 30–24తో ఎలాగో బయటపడ్డారు. (బాస్కెట్‌బాల్ పుట్టిన వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్ అదే.) నవంబర్ 28, థ్యాంక్స్‌గివింగ్ రోజు, ప్రావిడెన్స్‌లో మంచు పడుతుంటే బ్రౌన్ మీద 32–0. థోర్ప్ కార్లైల్ తరఫున ఆడిన చివరి ఆట అది. మొత్తం 14 మ్యాచ్‌లు: 12 గెలుపు, ఒక ఓటమి, ఒక టై, 504 పాయింట్లు. థోర్ప్ వాటాగా ఎక్కువగా చెప్పే లెక్క 25 టచ్‌డౌన్‌లు, 198 పాయింట్లు. వివరాలు మిగిలిన 12 మ్యాచ్‌ల్లోనే 191 సార్లు బంతి పట్టి 1,869 గజాలు పరిగెత్తాడు. సగటున పట్టినప్పుడల్లా దాదాపు పది గజాలు. గొలుసు పట్టుకున్న అనుభవంతో చెబుతున్నా, ఇలాంటివాడు మైదానంలో ఉంటే మాకు మోకాళ్లు అరిగిపోతాయి.

తర్వాత జరిగింది చాలామందికి తెలిసిందే కాబట్టి తొందరగా చెప్తాను. 1913 జనవరిలో మసాచుసెట్స్‌లోని వూస్టర్ పత్రిక ఒకటి బయటపెట్టింది: థోర్ప్ 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని. కాలేజీ కుర్రాళ్లు చాలామంది దొంగ పేర్లతో ఆడేవాళ్లు, ఈయన సొంత పేరుతో ఆడాడు. డబ్బు తీసుకుని ఆడినవాళ్లకి అప్పటి ఒలింపిక్స్‌లో చోటు లేదు కాబట్టి మెడల్స్ వెనక్కి తీసేసుకున్నారు. తనకేమీ తెలియదన్నాడు వార్నర్. రెండేళ్లు ఎక్కడున్నాడో తెలియకుండానే తన బెస్ట్ ఆటగాణ్ణి వెనక్కి పిలిపించుకున్నాడా? నాకైతే మింగుడు పడదు. ఏడాది తిరక్కుండానే గస్ వెల్ష్ విద్యార్థుల సంతకాలు సేకరించి స్కూల్ పరిస్థితి మీద ఫిర్యాదు పంపాడు, 1914లో కాంగ్రెస్ విచారణ జరిగింది, ఫండ్ లెక్కలు బయటికొచ్చాయి. సూపరింటెండెంట్ ఉద్యోగం పోయింది. వార్నర్ 1915లో పిట్స్‌బర్గ్ కోచ్ అయ్యాడు. 1918లో స్కూలే మూతపడింది. థోర్ప్ పేరు 1982లో ఒలింపిక్ రికార్డుల్లోకి సహవిజేతగా తిరిగొచ్చింది, ఏకైక విజేతగా 2022లో. ఆయన పోయింది 1953లో.

ఇక మీరు చూసిన ఊరు. దాని పాత పేరు మాచ్ చంక్. బొగ్గు వ్యాపారం దెబ్బతిని ఊరు దిగజారుతున్న రోజులవి. థోర్ప్ కాలిఫోర్నియాలో పోయాక, ఓక్లహోమాలో అంత్యక్రియలు జరుగుతుండగా మూడో భార్య శవాన్ని తీసుకెళ్లిపోయింది. ఊరు పేరు మార్చి, స్మారకం కట్టే ఒప్పందం మీద 1954లో ఇక్కడికి చేర్చింది. జనం వస్తారన్న ఆశ. మీరూ వెళ్లారు, నేనూ వెళ్లాను, కాబట్టి ఆశ ఫలించినట్టే. కొడుకులు తండ్రి ఎముకల్ని ఓక్లహోమాకి తీసుకెళ్లాలని కోర్టుకెక్కారు. 2013లో గెలిచారు, 2014లో పైకోర్టు తిప్పేసింది, 2015లో సుప్రీంకోర్టు విననంది.

మళ్లీ ఇటు వస్తే జిమ్ థోర్ప్ ఊరికి కాదు, కార్లైల్‌కి రండి. స్కూల్ ఉన్న చోట ఇప్పుడు ఆర్మీ వార్ కాలేజ్ ఉంది. సైనిక స్థలం కాబట్టి లోపలికి వెళ్లాలంటే ముందే పాస్ తీసుకోవాలి, ఐడీ మర్చిపోవద్దు. వాళ్లు ప్రాక్టీస్ చేసిన ఇండియన్ ఫీల్డ్, పాత గ్యాలరీ ఇంకా ఉన్నాయి. స్కూల్లో చనిపోయిన పిల్లల సమాధులు రోడ్డు పక్కనే కనబడతాయి. తెల్లని సైనిక రాళ్లు, నూట ఎనభైకి పైగా ఉండేవి. పేరు, తెగ పేరు, తేదీ. కొన్నిటి మీద 'తెలియదు' అని ఉంటుంది. 2017 నుంచి తెగల వాళ్లు వచ్చి తమ పిల్లల్ని ఒక్కొక్కరినే ఇళ్లకి తీసుకెళ్తున్నారు, అందుకే వరసల్లో ఖాళీలు కనబడతాయి. అక్టోబర్‌లో వస్తే చెప్పండి, ఆకులు ఇక్కడా బాగానే రంగు మారతాయి, మా ఇంట్లో భోంచేసి వెళ్లొచ్చు. ఈ కథ మళ్లీ చెప్పనని మా ఆవిడకి మాటిచ్చి మరీ పిలుస్తున్నాను.